జత కుదరని జాబితాలు

ఒక తరగతిలో ఐదుగురు పిల్లలు: అనిత, బషీర్, చిన్నారావు, దేవి, ఈశ్వర్. లెక్కల పరీక్ష రోజు బషీర్‌కు జ్వరం వచ్చి బడికి రాలేదు. మార్కులు ఎక్కించినవాళ్లు పరీక్ష రాసినవాళ్ల మార్కులే వరసగా కొట్టుకుంటూ పోయారు: 78, 41, 90, 66. పేర్లు ఒక జాబితాలో, మార్కులు ఇంకో జాబితాలో ఉన్నాయి. రెంటినీ కలిపి రిజల్టు షీటు తయారుచేసే పని ప్రోగ్రామ్‌ది.

ప్రోగ్రామ్ నడిచింది. ఎక్కడా ఎర్రర్ రాలేదు. షీటులో అనితకు 78, బషీర్‌కు 41, చిన్నారావుకు 90, దేవికి 66 పడ్డాయి. ఈశ్వర్ పేరే లేదు.

షీటు చూసిన ఎవరైనా ముందు ఈశ్వర్ ఏమయ్యాడనే అడుగుతారు. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనిపించని చోట జరిగింది. పరీక్షే రాయని బషీర్ పాసయ్యాడు. 41 తెచ్చుకున్న చిన్నారావుకు దేవి మార్కులు వచ్చాయి. 90 తెచ్చుకున్న దేవికి ఈశ్వర్ మార్కులు వచ్చాయి. ఐదుగురిలో ఒక్క అనిత లెక్కే సరిగ్గా ఉంది. తొందరలో చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు పైన ఒక కాజా తప్పితే కిందిదాకా అన్నీ తప్పుతాయి. తప్పు పైన జరిగినా బయటపడేది అడుగున, ఒక గుండీ మిగిలిపోయినప్పుడు. మన ప్రోగ్రామ్ ఆ మిగిలిన గుండీని కత్తిరించి పారేసి, చొక్కా సరిగ్గానే ఉందని చేతికిచ్చింది.

ఇలా రెండు వరసలను జతచేసే చిన్న ఫంక్షన్ ఇవాళ వాడుకలో ఉన్న భాషల్లో చాలావాటికి ఉంది. పైథాన్, హాస్కెల్, రస్ట్, కాట్లిన్, స్విఫ్ట్ అన్నింటిలోనూ దాని పేరు జిప్. ప్రోగ్రామింగ్ నేర్చుకునే కుర్రవాడు కూడా నాలుగైదు లైన్లలో సొంతంగా రాసుకోగలిగినంత చిన్నది. అయినా రెండు వరసల పొడవు సమానంగా లేకపోతే అది ఏం చెయ్యాలన్న ఒక్క ప్రశ్న మీద భాషలు తయారుచేసేవాళ్లు అరవై ఏళ్లుగా ఒక మాట మీదికి రాలేదు. ఆ ప్రశ్నకు ఇచ్చే జవాబును బట్టే ఈశ్వర్ మార్కుల గతి తేలుతుంది.

## అడిగితే ఒక్కొక్కటే

జత కట్టే ఫంక్షన్ మనుషుల్లాగా రెండు జాబితాలనూ పక్కపక్కన పరిచి ఒక్క చూపులో చూడదు. మొదటి వరసను "తరవాతిది ఇవ్వు" అని అడుగుతుంది, అనిత వస్తుంది. రెండో వరసనూ అలాగే అడుగుతుంది, 78 వస్తుంది. రెంటినీ ఒక జతగా కట్టి మనకు అందించి, మళ్లీ మొదటి వరస దగ్గరికి వెళుతుంది. ఏదో ఒక వరస "ఇంక లేవు" అనేదాకా ఇదే తంతు.

ముందే రెంటి పొడవూ లెక్కపెట్టి చూసుకోవచ్చు కదా అనిపిస్తుంది. జాబితాలు రెండూ మెమరీలో సిద్ధంగా ఉంటే అది క్షణంలో పని. కాని ప్రోగ్రాముల్లో వరసలన్నీ అలా ఉండవు. కోట్ల లైన్లున్న ఫైలును ఒక్కో లైను చొప్పున చదువుతుంటాం. ఎన్ని లైన్లున్నాయో తెలియాలంటే మొత్తం చదవాల్సిందే. వాతావరణ కేంద్రంలోని పరికరం నిమిషానికొకసారి ఉష్ణోగ్రత పంపుతూ ఉంటుంది. ఆ వరస ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలియదు. ఒకటి, రెండు, మూడు అంటూ అంకెలు ఇస్తూనే ఉండే వరస అసలు ఎప్పటికీ ఆగదు. ఇలాంటి వాటితో కూడా పనిచెయ్యాలి కాబట్టి ఫంక్షన్ పొడవులు అడగదు. పొడవులు తేడాగా ఉన్నాయన్న సంగతి దానికి చిట్టచివర, ఒక వరస అయిపోయి రెండోది ఇంకా మిగిలిన క్షణంలోనే తెలుస్తుంది.

ఆ క్షణంలో ఏం చెయ్యాలి? మిగిలినదాన్ని వదిలేసి ఆగిపోవచ్చు. ఖాళీ చోట ఏదో ఒక విలువ పెట్టి నింపుకుంటూ పోవచ్చు. పొట్టి వరసను మళ్లీ మొదటినుంచి తిప్పవచ్చు. లేదంటే "ఇవి జతకావు" అని మొండికేసి ఎర్రర్ ఇవ్వవచ్చు. ఈ నాలుగు దారులనూ ఏదో ఒక భాష ఎంచుకుంది. ప్రతి ఎంపిక వెనకా ఒక కారణం ఉంది.

## మెకార్తీ వదిలేసిన మూడో షరతు

జాన్ మెకార్తీ లిస్ప్ భాషను ప్రపంచానికి పరిచయం చేసిన వ్యాసం 1960 ఏప్రిల్‌లో 'కమ్యూనికేషన్స్ ఆఫ్ ది ఏసీఎం' పత్రికలో వచ్చింది. అందులో 'పెయిర్' అని ఒక ఫంక్షన్ ఉంది. దాని నిర్వచనంలో రెండే షరతులు. రెండు జాబితాలూ ఖాళీ అయితే జవాబు ఖాళీ జాబితా. రెంటిలోనూ ఏదో ఉంటే ముందున్న రెంటినీ జతకట్టి, మిగతావాటికి మళ్లీ ఇదే పని చెయ్యి. అంతటితో సరి.

ఒకటి ఖాళీ అయి రెండోది మిగిలితే? ఆ సందర్భానికి మెకార్తీ షరతు రాయలేదు. ఆయన పద్ధతిలో ఏ షరతూ నెరవేరకపోతే జవాబుకు అర్థమే లేదని లెక్క. అంటే ఈ ఫంక్షన్ల పూర్వీకుల్లో ఒకటి పొడవులు సమానంగా లేని జాబితాలను ఒప్పుకోలేదు.

ఆయనకు ఆ ఫంక్షన్ ఎందుకు కావలసివచ్చిందో చూస్తే ఆ పట్టింపు అర్థమవుతుంది. లిస్ప్ ప్రోగ్రామును లిస్ప్‌లోనే ఎలా నడిపించవచ్చో చూపించడం ఆ వ్యాసంలోని గొప్ప ఘట్టం. గది వైశాల్యం లెక్కకట్టే ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. అది 'పొడవు', 'వెడల్పు' అనే రెండు పేర్లతో రాసి ఉంది. మనం దాన్ని 12, 8 అనే అంకెలిచ్చి పిలుస్తాం. పొడవు అంటే 12 అనీ, వెడల్పు అంటే 8 అనీ యంత్రానికి తెలియాలంటే పేర్ల జాబితానూ విలువల జాబితానూ జత కట్టాలి. మెకార్తీ పెయిర్‌ను వాడింది సరిగ్గా అక్కడే. ఏ భాషలోనైనా సరే, ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ లోపల ఇలాంటి జత కుదర్చడం జరుగుతుంది.

రెండు విలువలు కావలసినచోట ఒకటే ఇచ్చి పిలిస్తే పైథాన్, జావా లాంటి భాషలు ఒప్పుకోవు. ఆ తప్పును తప్పుగానే చూపిస్తాయి. దాన్ని వింతగా ఎవరూ అనుకోరు, అలా చూపించకపోతేనే కంగారు పడతాం. జావాస్క్రిప్ట్ మాత్రం తక్కువైనచోట 'నిర్వచించలేదు' అన్న గుర్తు పెట్టుకుని, ఎక్కువైనవాటిని వదిలేసి నడిచిపోతుంది. ఆ వెసులుబాటు వల్ల పుట్టిన తప్పులను వెతకడంలో జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు చాలా సమయమే పోగొట్టుకున్నారు.

## ఆగని వరసతో జత

మెకార్తీ పట్టింపు అంత సబబుగా ఉంటే, ఇప్పుడున్న భాషల్లో ఎక్కువభాగం పొట్టి వరస దగ్గరే ఎందుకు ఆగిపోతాయి? బద్ధకంతో చేసిన పని కాదు. దీనికి బలమైన సమర్థన హాస్కెల్‌లో దొరుకుతుంది.

హాస్కెల్ మొదటి నివేదిక 1990లో వచ్చింది. ఈ భాషలో ఏ విలువనూ అవసరం పడేదాకా లెక్కకట్టరు. అందువల్ల 'ఒకటి నుంచి మొదలుపెట్టి అన్ని అంకెలూ' అని ఒక జాబితా రాసుకోవచ్చు. ఎవరైనా అడిగినమేరకే అంకెలు పుడతాయి. ఇక పేర్ల జాబితాకు వరస నంబర్లు వెయ్యాలంటే, ఈ అంతులేని అంకెల వరసను పేర్లతో జతకడితే చాలు: 1 అనిత, 2 బషీర్, 3 చిన్నారావు. పేర్లు అయిపోగానే జత కట్టడం ఆగుతుంది. ఇక్కడ పొడవులు సమానం కావాలని పట్టుబడితే ఈ సదుపాయమే పోతుంది, ఎందుకంటే అంతులేనిది ఏ జాబితాతోనూ సమానం కాదు.

ఇంకో వాడుక దీనికంటే అందమైనది. నాలుగు రోజుల ఉష్ణోగ్రతలు 38, 41, 40, 43 అనుకుందాం. రోజుకూ రోజుకూ మధ్య తేడా కావాలి. ఈ జాబితానూ, మొదటి అంకె తీసేసిన ఇదే జాబితానూ జతకడితే (38, 41), (41, 40), (40, 43) వస్తాయి. తీసివేస్తే 3, మైనస్ 1, 3. రీడింగులు నాలుగు, వాటి మధ్య ఖాళీలు మూడు. ఒక వరస రెండోదానికంటే ఒకటి తక్కువ ఉండడం ఇక్కడ తప్పు కాదు, మనం కోరుకున్నదే అది. పొట్టిదాని దగ్గర ఆగితేనే లెక్క కుదురుతుంది.

హాస్కెల్ నేర్చుకునేవాళ్లందరికీ ఎదురయ్యే ఫిబొనాచీ ఉదాహరణ కూడా దీనికి దగ్గరదే. 0, 1, 1, 2, 3, 5, 8 అని సాగే ఆ వరసలో ప్రతి అంకె దాని ముందున్న రెండింటి మొత్తం. హాస్కెల్‌లో దీన్ని ఒక్క లైనులో రాస్తారు: 0, 1 ముందు పెట్టి, ఆ తరవాత ఇదే వరసనూ, మొదటి అంకె తీసేసిన ఇదే వరసనూ జతకట్టి కూడితే వచ్చేది. తయారవుతూ ఉన్న వరస తనతో తానే జతకడుతూ పెరుగుతుంది. ప్రతి అడుగులోనూ కావలసిన రెండు అంకెలూ అప్పటికే పుట్టి ఉంటాయి కాబట్టి ఎక్కడా చిక్కుపడదు. మొదటిసారి చూసినప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో నమ్మబుద్ధి కాదు. కాగితం మీద రెండు వరసలూ కిందా పైనా రాసుకుని కూడుతూ పోతే నాలుగో అంకెకు వచ్చేసరికి అర్థమైపోతుంది.

## పైథాన్‌లో 2000, మళ్లీ 2020

పైథాన్‌కు జిప్ 2000 అక్టోబరులో, 2.0 వెర్షన్‌తో వచ్చింది. ఆ ఏడాది జులైలో బ్యారీ వార్సా రాసిన ప్రతిపాదన పైథాన్ ప్రతిపాదనల్లో 201వది. పేరు కోసం ఇరవైకి పైగా మాటలు పరిశీలించారు. చివరికి పైథాన్ సృష్టికర్త గీడో వాన్ రోసమ్ హాస్కెల్‌లో ఉన్న పేరునే ఖాయంచేశారు.

ప్రతిపాదన తొలి రూపంలో పొట్టి వరసలో ఖాళీలను కోరిన విలువతో నింపే వీలు కూడా ఉంది. రోసమ్ దాన్ని తీసేయించారు. పొట్టిదాని దగ్గర ఆగిపోవడం ఒక్కటే ఉంచమన్నారు. ఆ నిర్ణయానికి చెప్పిన కారణం భాషలు తయారుచేసేవాళ్లంతా గుర్తుంచుకోదగ్గది: నిజంగా అవసరమైతే తరవాత చేర్చడం సులువు, ఇప్పుడు చేర్చి, అవసరం లేదని తేలితే తరవాత తీసెయ్యడం మాత్రం ఎప్పటికీ కుదరదు. ఒకసారి జనం వాడడం మొదలుపెట్టాక దాన్ని నమ్ముకుని లక్షల లైన్ల కోడ్ పుడుతుంది. ఆ మాట నిజమేనని తరవాత రుజువైంది. ఖాళీలు నింపే ఫంక్షన్ 2008లో 2.6 వెర్షన్‌లో విడిగా వచ్చింది. ఎవరి కోడూ దెబ్బతినలేదు.

కాని అదే సూత్రం ఇంకోవైపు కూడా కోస్తుంది. తీసెయ్యడం కుదరనిది పొట్టిదాని దగ్గర చప్పుడు లేకుండా ఆగిపోయే గుణం కూడా.

2020 మే నెలలో బ్రాంట్ బుకర్ 618వ ప్రతిపాదన రాశారు. జిప్ వాడేవాళ్లు చాలాసార్లు రెండు వరసలూ సమానంగానే ఉంటాయని నమ్మి వాడతారు. ఆ నమ్మకం వమ్మైతే ప్రోగ్రామ్ ఏమీ చెప్పకుండా సమాచారం పారేస్తుంది. ఇది ఆయన వాదన. దానికి సాక్ష్యం పైథాన్ సొంత లైబ్రరీలోనే చూపించారు. ప్రోగ్రామ్ పాఠాన్ని విడదీసి చదివే భాగం ఒకటి అందులో ఉంది. పేరూ విలువా జతలుగా ఉండే నిఘంటువు లాంటి నిర్మాణాన్ని దానికిచ్చినప్పుడు, ఒక పేరు ఉండి విలువ లేకపోతే అది తప్పు అని చెప్పాలి. పేర్ల జాబితాలో ఒకటి, విలువల జాబితాలో సున్నా. జిప్ సున్నా దగ్గర ఆగింది. తప్పుడు నిర్మాణానికి ఖాళీ నిఘంటువు జవాబుగా వచ్చింది. పైథాన్‌ను తయారుచేసేవాళ్ల కంటికే ఆనని తప్పు అది.

పొడవులు సరిచూసే కొత్త ఫంక్షన్‌ను లైబ్రరీలో ఒక పక్కన విడిగా పెట్టవచ్చని కొందరన్నారు. బుకర్ దానికి ఒప్పుకోలేదు. విడిగా పెడితే వెతుక్కుని తెచ్చుకోవాలి. అంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఎలాగూ జాగ్రత్తగానే ఉంటారు. ఎక్కడ జిప్ వాడుతున్నారో అక్కడే, ఒక్క మాట చేరిస్తే తనిఖీ జరిగేలా ఉండాలి. చివరికి జిప్‌కు 'స్ట్రిక్ట్' అనే మీట వచ్చింది. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి ఆ మీట నొక్కితే, మన మార్కుల జాబితా విషయంలో రెండోది మొదటిదానికంటే పొట్టిగా ఉందని ప్రోగ్రామ్ చెప్పి ఆగిపోతుంది. 2025లో వచ్చిన 3.14లో, ఒకే పనిని చాలా వరసల మీద ఒకేసారి చేసే 'మ్యాప్'కు కూడా ఇదే మీట పెట్టారు.

మీట నొక్కకపోతే మాత్రం ఇప్పటికీ పాత దారే. ఇరవై ఏళ్ల కోడ్‌ను ఒక్క దెబ్బతో విరగ్గొట్టలేరు కదా. అందుకే ఇప్పుడు పైథాన్ కోడ్‌ను తనిఖీచేసే రఫ్ లాంటి పరికరాల్లో, జిప్ వాడిన ప్రతిచోటా "మీట ఉండాలా వద్దా, రాసి చెప్పు" అని అడిగే నియమం కూడా ఉంది. ఇది సరైన ఒత్తిడి అని నా నమ్మకం. పొడవులు సమానం కానక్కర్లేదన్నా పరవాలేదు, ఆ మాట రాసినవాడి చేతిమీదుగా రావాలి. ఆ కోడ్‌ను తరవాత చదివేవాడికి, ఇక్కడ తేడా ఉండడం కావాలని చేసిందో చూసుకోక చేసిందో తెలుస్తుంది.

> చేజారే ఒక్కటి
>
> పొట్టిదాని దగ్గర ఆగడంలో ఇంకో చిక్కుంది. ఫంక్షన్ ముందు ఎడమ వరసను అడుగుతుంది, తరవాత కుడి వరసను. ఎడమ వరసే పొట్టిదైతే, అది "ఇంక లేవు" అనగానే పని ఆగుతుంది. కుడి వరస దగ్గర ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.
>
> కుడి వరస పొట్టిదైతే కథ వేరు. ఎడమ వరస అప్పటికే ఒకటి ఇచ్చేసింది. కుడివైపు లేదని తేలాక ఆ ఒక్కటి దేనికీ చెందకుండా పోతుంది. ఎడమ వరస ఫైలు నుంచి లైన్లు చదువుతున్నదైతే, తరవాత అదే ఫైలును ఇంకో పనికోసం చదివినప్పుడు మధ్యలో ఒక లైను మాయమై కనిపిస్తుంది. పొట్టి వరస ఏదో తెలిసినప్పుడు దాన్ని ఎడమవైపు పెట్టడం చాలామంది వాడే ఉపాయం.

## ఆలస్యంగా వచ్చే హెచ్చరిక

స్ట్రిక్ట్ మీట నొక్కినంత మాత్రాన నిశ్చింతగా ఉండగలమా? దీన్ని కాస్త నిలిచి చూడాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు.

జతలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయని చూశాం. పొడవుల తేడా చివర్లో గాని తెలియదనీ చూశాం. ఈ రెంటినీ కలిపి ఆలోచించండి. ప్రోగ్రామ్ ప్రతి జత రాగానే ఆ పిల్లల తల్లిదండ్రుల ఫోన్‌కు మార్కుల సందేశం పంపుతోందనుకుందాం. అనిత ఇంటికి సందేశం వెళ్లింది, సరైనదే. బషీర్ ఇంటికి వెళ్లింది, తప్పుది. చిన్నారావు ఇంటికి, దేవి ఇంటికి వెళ్లినవీ తప్పువే. అప్పుడు ఈశ్వర్ దగ్గర ఎర్రర్ వస్తుంది. తప్పు పట్టుబడింది, కాని మూడు ఇళ్లకు తప్పుడు మార్కులు చేరిపోయాయి.

తనిఖీ జరగాల్సింది పని మొదలయ్యేముందు. జతలన్నింటినీ ముందు ఒక జాబితాగా పోగుచేసి, ఎర్రర్ ఏదీ రాకపోతేనే సందేశాలు పంపడం మొదలుపెట్టాలి. జాబితాలు చిన్నవైతే ఇందులో కష్టం లేదు. మెమరీలో పట్టనంత పెద్ద వరసలైతే ఆ స్తోమత ఉండదు. అప్పుడు రాసినదాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి. డేటాబేసులు మొత్తం పనిని ఒకే మూటగా చేసి, మధ్యలో ఎర్రర్ వస్తే ఏదీ జరగనట్టు వెనక్కి తిప్పేది ఇందుకే.

## ఒక్కో భాషది ఒక్కో తీరు

ఓక్యామల్‌లో రెండు జాబితాలను జతకట్టే ఫంక్షన్ మెకార్తీ దారిలోనే ఉంది: పొడవులు తేడాగా ఉంటే ఒప్పుకోదు. ఎఫ్-షార్ప్‌లో జాబితాలకు వాడే జిప్ ఎర్రర్ ఇస్తుంది. అదే భాషలో అడిగినప్పుడు ఒక్కొక్కటే ఇచ్చే వరసలకు వాడే జిప్ మాత్రం పొట్టిదాని దగ్గర ఆగుతుంది. పొడవు తెలిసే అవకాశం ఉన్నచోట పట్టింపు, లేనిచోట సడలింపు. ఈ విభజన నాకు చాలా నచ్చుతుంది, కాకపోతే ఒకే పేరున్న రెండు ఫంక్షన్లు రెండు రకాలుగా నడుస్తాయన్న సంగతి వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. స్టాండర్డ్ ఎంఎల్ ఆ ఇబ్బంది లేకుండా రెంటికీ రెండు పేర్లు పెట్టింది. ఎర్లాంగ్ మొదట్నుంచీ పొడవులు కుదరకపోతే విఫలమయ్యేది. 2023లో వచ్చిన 26వ విడుదలలో విఫలమవ్వాలా, కత్తిరించాలా, నింపాలా అని మనమే చెప్పే వీలు చేర్చారు. చెప్పకపోతే విఫలమవ్వడమే దాని పద్ధతి.

రూబీ తీరు ఇంకొకటి. అందులో ఎడమ జాబితాదే పెత్తనం. కుడిది పొట్టిదైతే ఖాళీలను 'ఏమీ లేదు' అనే గుర్తుతో నింపుతుంది, పొడుగైతే మిగిలినవి వదిలేస్తుంది. పేర్ల జాబితా ఎడమవైపుంటే ఈశ్వర్ పేరైనా షీటులో కనిపిస్తుంది, మార్కులు లేకుండా.

గణాంకాలకు వాడే ఆర్ భాష దారి అన్నింటికంటే ప్రమాదకరమని నేననుకుంటాను. రెండు వరసలను కూడినా తీసివేసినా, పొట్టి వరస అయిపోగానే అది మళ్లీ మొదటినుంచి తిరుగుతుంది. జాబితాలోని ప్రతి అంకెనూ 100తో గుణించాలంటే ఇది హాయిగా ఉంటుంది. ఒక్క 100 అన్నింటికీ వర్తిస్తుంది. ఇప్పుడు పన్నెండు నెలల వర్షపాతం నుంచి నాలుగు త్రైమాసికాల సగటులను తీసివేస్తున్నామనుకోండి. జనవరికి మొదటి త్రైమాసికం సగటు, ఫిబ్రవరికి రెండోది, మార్చికి మూడోది, ఏప్రిల్‌కు నాలుగోది, మేకు మళ్లీ మొదటిది జతపడతాయి. ఫలితంలో ఎక్కువభాగం తప్పు. అయినా ఆర్ కిక్కురుమనదు, ఎందుకంటే 12లో 4 సరిగ్గా మూడుసార్లు పోతుంది. నాలుగుకు బదులు ఐదు అంకెలుంటే మాత్రం పొడవులు భాగించుకోవడం లేదని హెచ్చరిక ఇస్తుంది. అంటే తప్పు చక్కగా అమరినప్పుడే అది దొరకదు. ఆర్‌లోనే తరవాత వచ్చిన 'టిబుల్' అనే పట్టిక ఈ గుణాన్ని కట్టడి చేసింది: ఒక్కటే విలువ ఉంటే అందరికీ పంచుతుంది, అంతకుమించి పొడవులు కలవకపోతే ఎర్రరే.

> నింపితే దేనితో నింపాలి?
>
> ఈశ్వర్ ఎదురుగా ఖాళీ ఉంది. అక్కడ సున్నా పెడితే అతను పరీక్షలో సున్నా తెచ్చుకున్నట్టు అవుతుంది, తరగతి సగటు పడిపోతుంది. 'ఏమీ లేదు' అన్న గుర్తు పెడితే మెరుగే. కాని గైర్హాజరైన పిల్లలకు మార్కుల జాబితాలో ముందునుంచే అదే గుర్తు వాడుతుంటే, ఇది గైర్హాజరా, జాబితా అయిపోవడం వల్ల వచ్చిన ఖాళీయా తెలియదు.
>
> రస్ట్ భాషకు వాడుకలో ఉన్న ఒక లైబ్రరీ దీనికి చక్కని పరిష్కారం చూపింది. అందులో పొడుగు వరసదాకా సాగే జత కట్టే ఫంక్షన్ ఏ విలువతోనూ నింపదు. ప్రతి అడుగులోనూ మూడింటిలో ఒక జవాబు ఇస్తుంది: రెండువైపులా ఉన్నాయి, ఎడమవైపు మాత్రమే ఉంది, కుడివైపు మాత్రమే ఉంది. మూడింటిలో ప్రతిదానికీ ఏం చెయ్యాలో రాసేదాకా కంపైలర్ వదిలిపెట్టదు.

## పొడవు కుదిరినా

ఇంతవరకూ చెప్పినదంతా పొడవుల గురించి. మన మొదటి ఉదాహరణలో చిన్న మార్పు చేద్దాం. బషీర్ పరీక్ష రాశాడు, ఐదుగురి మార్కులూ ఉన్నాయి. పేర్ల జాబితా అక్షరక్రమంలో ఉంది, మార్కుల జాబితా హాల్‌టికెట్ నంబర్ల క్రమంలో ఉంది. అయిదుకు అయిదు సరిపోయాయి. అతి కఠినమైన జిప్ కూడా సంతోషంగా జతకట్టేస్తుంది. షీటు మొత్తం తప్పు.

స్థానాన్ని బట్టి జతకట్టడంలో ఉన్న అసలు బలహీనత ఇది. 'మూడో పేరుకు మూడో మార్కు' అన్న సంబంధం ఆ రెండు జాబితాల లోపల ఎక్కడా రాసి లేదు. వాటిని తయారుచేసినవాడి మనసులో ఉంది. మధ్యలో ఎవరైనా ఒక జాబితాను తిరిగి వరసపెట్టినా, ఒకదానిలోంచి ఒకటి తీసేసినా, ఆ సంబంధం తెగిపోతుంది. జాబితాకు ఆ సంగతి తెలియదు.

ఎడ్గర్ కాడ్ 1970లో డేటాబేసులకు కొత్త పునాది ప్రతిపాదించినప్పుడు తొలగించాలనుకున్న చిక్కుల్లో ఇదొకటి. ఆయన పట్టికల్లో అడ్డవరసలకు ముందూ వెనకా అంటూ క్రమం లేదు. మూడో వరస అన్న మాటకే అర్థం లేదు కాబట్టి స్థానాన్ని పట్టుకుని జతకట్టడం కుదరదు. పేర్ల పట్టికలోనూ మార్కుల పట్టికలోనూ హాల్‌టికెట్ నంబరు ఉండాలి. నంబరు కలిసినవే జతకడతాయి. బషీర్ నంబరుకు మార్కులు లేకపోతే అతని ఒక్కడి దగ్గరే ఖాళీ కనిపిస్తుంది. చిన్నారావు 41 అతనిదగ్గరే, దేవి 90 ఆమెదగ్గరే ఉంటాయి. తప్పు ఒకచోట జరిగితే అక్కడే ఆగుతుంది, కిందికి జారదు.

మిగిలిపోయినవాటిని ఏం చెయ్యాలన్న ప్రశ్న అక్కడా వెంటాడుతుంది. రెండువైపులా ఉన్నవే కావాలా, ఎడమవైపువన్నీ కావాలా, రెండువైపులవీ అన్నీ కావాలా అని డేటాబేసు వాడేవాళ్లు ప్రతిసారీ ఎంచుకుంటారు. వీటిలో మొదటిది పొట్టిదాని దగ్గర ఆగే జిప్‌కు చుట్టం. రెండోది రూబీ పద్ధతి. మూడోది పైథాన్‌లో ఖాళీలు నింపే ఫంక్షన్‌కు సాటి. పైథాన్‌లో పట్టికలతో పనిచెయ్యడానికి వాడే పాండాస్ లైబ్రరీ రెండు నిలువు వరసలను కూడేటప్పుడు స్థానం చూడదు. వాటికి తగిలించిన పేర్లు చూసి కలుపుతుంది. పేరు కలవనిచోట విలువ లేదని గుర్తు పెడుతుంది. రెండు పట్టికలను కలిపేటప్పుడు ఒక్కోదానికి ఒక్కటే జత ఉండాలని ముందే షరతు పెట్టే వీలు కూడా అందులో ఉంది. ఒకే హాల్‌టికెట్ నంబరుకు రెండు మార్కులు పడితే అది ఊరుకోదు. ఆ తప్పును ఏ పొడవు తనిఖీ కూడా పట్టుకోలేదు.

జావాస్క్రిప్ట్‌కు చాలాకాలం జత కట్టే ఫంక్షన్ సొంతంగా లేదు. ఎవరికి వాళ్లు రాసుకునేవారు, లేదా లైబ్రరీ నుంచి తెచ్చుకునేవారు. ఆ భాష ప్రమాణాలను నిర్ణయించే కమిటీ ముందుకు వచ్చిన ప్రతిపాదనలో ఇంతవరకూ చెప్పుకున్న వాదనల జాడలన్నీ కనిపిస్తాయి. ఒకే ఫంక్షన్‌కు మూడు పద్ధతులు: పొట్టిదాకా, పొడుగుదాకా, కఠినంగా. పొడుగుదాకా అంటే ఏ వరసలో ఖాళీని దేనితో నింపాలో విడివిడిగా చెప్పవచ్చు. దాని పక్కన ఇంకో ఫంక్షన్ కూడా ఉంది. వరసలకు పేర్లు పెట్టి ఇస్తే, జతలోని ప్రతి విలువా తన వరస పేరుతోనే బయటికి వస్తుంది, ఏది పేరో ఏది మార్కో స్థానాన్ని బట్టి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పద్ధతి ఏదీ చెప్పకుండా వదిలేస్తే మాత్రం అది కూడా పొట్టి వరస దగ్గరే ఆగుతుంది.